మంచం కదపకండి

గిల్జా కిటికీ దగ్గర నిలబడి కత్తెరతో క్యాబేజీ ఊరగాయ కిమ్చీని కత్తిరిస్తోంది. తినే పుల్లలతో ఆకును పైకెత్తి పట్టుకుని, రెండో చేత్తో కత్తెర ఆడిస్తుంటే ఎర్రటి రసం గిన్నె అంచుమీదుగా కారుతోంది. కట్టుడుపళ్ళున్న నోటికి కాస్త పెద్ద ముక్క, అవీ లేని నోటికి గోరంత ముక్క. ఎవరి పళ్ళెంలో ఎంత ముక్క పడాలో ఆమె చూసుకోనక్కర్లేదు. చేతికే తెలుసు.

అరవై దాటిన మనిషి. పొట్టిది, భుజాలు మాత్రం మగవాడి భుజాల్లా వెడల్పు. గులాబీరంగు పనిచొక్కా చేతులు ఎప్పుడూ మోచేతులపైకి మడిచి ఉంటాయి. వేళ్ళ కణుపులు ఉబ్బిపోయి ఉంటాయి. పెళ్ళయిన కొత్తలో వాందో దీవిలో చలికాలమంతా సముద్రపు నాచును చన్నీళ్ళలో కడిగి చాపలమీద పరిచిన వేళ్ళవి. తర్వాత గాలివాన నాచు తడికలను ఊడ్చుకుపోయింది. భర్త ఆ దిగులుతోనే తాగి తాగి పోయాడు. అప్పటినుంచి ఆమె ఇతరుల ముసలివాళ్ళకు తినిపిస్తూ, వాళ్ళను తిప్పి పడుకోబెడుతూ బతుకుతోంది. హేనమ్ ఊరి చివరనున్న ఈ వృద్ధుల ఆసుపత్రిలో, ఆరు మంచాల ఈ ఆడవాళ్ళ గదిలోనే ఆమె పని, ఆమె నిద్ర. రాత్రిళ్ళు ఏదో ఒక మంచం కిందినుంచి బల్ల లాక్కుని దానిమీద ఒరుగుతుంది.

గుమ్మంలో గొడవ మొదలైంది. నేల తుడిచే ఆవిడ వచ్చింది. ఆవిడ ఇంటికి వెళ్ళి రాత్రి టీవీలో కథ చూసి వస్తుంది. కడుపులో మాట ఆగదు. ఈ గదిలో మాత్రం రాత్రి తొమ్మిదింటికే దీపాలు ఆర్పేస్తారు కాబట్టి, ఊరంతా రాత్రి చూసిన రాజుల కథను ఇక్కడివాళ్ళు మర్నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక మళ్ళీ వేసినప్పుడు చూస్తారు. ఆ మధ్య గంటలు గడవడమే గండం.

"నోరు తెరిచావంటే ఆ బకెట్ నీ నెత్తినే బోర్లిస్తా" అంది జిందో అవ్వ తన మంచంమీదినుంచే. ఆవిడ నలభై ఏళ్ళు బజార్లో చేపలమ్మింది. పక్షవాతం ఒక కాలును తీసుకుంది గానీ గొంతు జోలికి పోలేదు.

"నేనేమన్నానని. ఆ దాది సంగతి..."

"అదిగో."

తుడిచే ఆవిడ నవ్వుకుంటూ తుడుపుకర్రతో వెనక్కి వెళ్ళిపోయింది. నేల తుడవనేలేదు. గిల్జా తర్వాత తానే తుడుచుకుంది.

కథలో రాజుగారిని చిన్నప్పటినుంచి పెంచిన దాది ఒకావిడ ఉంది. సో దాది అంటారు. తల్లి లేని పిల్లవాణ్ణి వీపున కట్టుకుని పెంచింది. వాడు గద్దెనెక్కాడు, ఈవిడకు రోగం ముదిరింది. రాజరక్తం కానివాళ్ళు కోటలో కన్నుమూయకూడదనేది అక్కడి కట్టడి. చావు దగ్గరపడ్డ దాసిని ఎంత పెద్దదాసైనా సరే వెనక గుమ్మంలోంచి బయటికి మోసేస్తారు. సో దాది తన రోగాన్ని దాచుకుంటోంది. కిందటి వారం కథ అక్కడ ఆగింది. అప్పటినుంచి ఈ గదిలో వేరే మాట లేదు.

గిల్జా గంజి గిన్నె తీసుకుని కిటికీ పక్క మంచం దగ్గరికి వెళ్ళింది. ఆ మంచం హ్వాసాన్ అవ్వది. పుట్టింటి ఊరి పేరుతో పిలవడం ఇక్కడి అలవాటు. హ్వాసాన్‌నుంచి కోడలై వచ్చింది కాబట్టి తొంభై ఏళ్ళు దాటినా ఆవిడ హ్వాసాన్ అవ్వే. ఎముకలమీద చర్మం మాత్రమే మిగిలిన మనిషి. మెడ వెనక భాగం మాత్రం ఇంకా నల్లగా, ముడతలు ముడతలుగా, వంగి వంగి ఎండలో కాలిన మెడ.

స్పూను పెదవులకు తగిలినా నోరు తెరుచుకోలేదు. గిల్జా గిన్నె పక్కన పెట్టి దుప్పటి ఎత్తింది. మోకాళ్ళమీద ఊదారంగు మచ్చలు, వల అల్లినట్టు. పాదాలు మంచుగడ్డలు. ఆమె దుప్పటిని మళ్ళీ కప్పి, అంచులు లోపలికి దోపింది. ఇలాంటి మోకాళ్ళు ఆమె చాలా చూసింది. ఇక సాయంత్రం దాకానే.

ఇలాంటిది చూడగానే నర్సుల బల్ల దగ్గరికి పరుగెత్తాలి. వాళ్ళు వచ్చి మంచం చక్రాల తాళం తీస్తారు. మంచం బల్లకు ఎదురుగా ఉన్న గదిలోకి పోతుంది. తలుపుమీద ప్రత్యేక చికిత్స గది అని రాసి ఉంటుంది గానీ అవ్వలు దాన్ని ఎదురుగది అంటారు. మిగతావాళ్ళు భయపడకూడదని, చావు వాళ్ళ కంట పడకూడదని ఆ ఏర్పాటు. అందులోకి వెళ్ళిన మంచం మళ్ళీ ఉతికిన దుప్పటితో, ఖాళీగా తిరిగివస్తుంది. అవ్వలకు అది తెలియదని నర్సులు అనుకుంటారు.

"అమ్మాయ్" అంది హ్వాసాన్ అవ్వ. కళ్ళు మూసుకునే ఉంది. "ఇవాళ నా మంచం కదపకండి."

"ఎవరు కదుపుతారు అవ్వా?"

"కోత అయిపోయిందని పొలానికి ఒకరు చెప్పాలా? నాకు తెలుస్తూనే ఉంది." కాసేపు ఊపిరి కూడదీసుకుంది. "ఆ దాదిని పంపేస్తారో లేదో చూస్తా. ఇక్కడే. వీళ్ళతోనే."

గిల్జా వంగి చెవి దగ్గర చెప్పింది. నర్సమ్మకు చెప్పకపోతే వాళ్ళు అబ్బాయికి ఫోన్ చెయ్యరు, అబ్బాయి వేళకు రాలేడు, తల్లి పోయేటప్పుడు దగ్గర లేకపోయానే అని బతికినన్నాళ్ళూ కుములుతాడు, గిల్జాను తిట్టుకుంటాడు, ఆ పాపం తనకు చుట్టుకుంటుంది.

"వాణ్ణి పిలువు. ఆవిడకి చెప్పకు."

"రెండూ ఎలా కుదురుతాయి?"

"అది నువ్వు చూసుకో. నాకు ఓపిక లేదు" అంది అవ్వ.

అప్పటినుంచి గిల్జాకు కాలు ఒకచోట నిలవలేదు. పళ్ళేలు తీసింది. కట్టుడుపళ్ళు కడిగింది. ఎదుటి మంచంమీది డోక్సిమ్ అవ్వకు బట్టలు మార్చింది. డోక్సిమ్ అవ్వకు మతి చిన్నపిల్లది. టీవీలో మనుషులు గదిలోకే వచ్చారనుకుని అన్నం తిన్నారా అని అడుగుతుంది. గిల్జా ఆవిడ గుండీలు తప్పు పెట్టి, విప్పి, మళ్ళీ పెట్టింది. మాటిమాటికీ కిటికీ పక్క మంచంవైపు చూసింది. చూసినట్టు ఎవరైనా చూశారేమోనని మళ్ళీ గుమ్మంవైపు చూసింది.

ఈ దేశంలో కన్నవాళ్ళు కన్నుమూసేటప్పుడు పక్కన లేని కొడుకును ఊరు మరిచిపోదు. ఊరు మరిచిపోయినా ఆ కొడుకు మరిచిపోడు. మరోవైపు, చెప్పకుండా దాచిన ఆయాను ఆసుపత్రి ఒక్కరోజు ఉంచదు. అరవై దాటాక ఇంకో గది, ఇంకో ఆరు మంచాలు ఎవరిస్తారు? అయినా ఆమెను నిలవనివ్వనిది ఉద్యోగం ఒక్కటే కాదు.

దుప్పట్లుంచే చిన్న గదిలోకి వెళ్ళి తలుపు మూసి, తన ఫోన్‌తో టేసిక్‌కు ఫోన్ చేసింది. హ్వాసాన్ అవ్వకు ఒక్కడే కొడుకు. నాజూలో క్యాబేజీ లారీ నడుపుతాడు. ఇంటివాళ్ళకు ఫోన్ చెయ్యడం నర్సుల పని. ఆయాలు చెయ్యకూడదు.

"నర్సు చెయ్యలేదే?" అన్నాడతను.

"నేను చేస్తున్నానుగా. కింద బల్ల దగ్గర ఆగకండి. ఎవర్నీ ఏమీ అడక్కండి. మెట్లెక్కి నేరుగా గదిలోకి రండి."

"లారీలో సరుకుందండి, దింపేసి..."

"దింపేసి రమ్మనడం లేదు నేను."

 అటునుంచి ఇంజను చప్పుడు వినిపించింది.

గిల్జా ఫోన్ జేబులో పెట్టుకుని కూడా దుప్పట్ల మధ్య అలాగే నిలబడింది. కుడిచెయ్యి తనంతట తాను మూసుకుంటోంది, తెరుచుకుంటోంది. ఆ చేతికి ఈ అలవాటు ముప్ఫై ఏళ్ళ నాటిది.

అప్పుడు అత్తగారు మొక్పో పెద్దాసుపత్రిలో ఉంది. ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఆ రోజుల్లో ఇంటి బయట పోవడమే అన్నిటికన్నా పెద్ద దురదృష్టం. బయట పోయినవాళ్ళ ప్రాణం దారి తెలియక తిరుగుతుందనేవారు, శవాన్ని గడప లోపలికి రానిచ్చేవారు కారు. అందుకని ఊపిరి ఉండగానే ఇంటికి చేర్చాలని అంబులెన్సు కట్టించుకుని, నోటికి రబ్బరు సంచి తగిలించుకుని దారి పొడుగునా గాలి నొక్కుతూ తీసుకెళ్ళేవారు. మొగుడు డ్రైవరు పక్కన కూర్చున్నాడు. సంచి కోడలి చేతికిచ్చారు. నొక్కడం, వదలడం. కాంగ్జిన్ దాటాక ఎక్కడో గిల్జాకు తెలిసిపోయింది. ఆ రొమ్ము తన చెయ్యి నొక్కితేనే లేస్తోంది, తనంతట తాను లేవడం లేదు. ఆమె ఎవరికీ చెప్పలేదు. వంతెన దాటేదాకా, దీవిలో మట్టిరోడ్డు అయిపోయేదాకా నొక్కుతూనే ఉంది. అడుగున పొయ్యి వేడితో వెచ్చబడ్డ గది నేలమీద పరుపు వేసి పడుకోబెట్టాక పెద్దబావగారు తల ఊపాడు. అప్పుడు వదిలింది. ఎంత అదృష్టవంతురాలు, తన గదిలో తన మనుషుల మధ్య పోయిందని ఊరంతా అంది. మొగుడు అదే నమ్మకంతో బతికాడు, అదే నమ్మకంతో పోయాడు.

అది అబద్ధమా, సేవా? ప్రతి నెలా పాడ్యమినాడు గుడికెళ్ళి కరుణామయ బోధిసత్వుడి ముందు మోకరిల్లినప్పుడల్లా ఆమె ఈ మాట అడిగేది. లోకంలోని ప్రతి చప్పుడూ ఆ దేవతకు వినిపిస్తుందంటారు. ఆ రబ్బరు సంచి చప్పుడూ వినిపించే ఉంటుంది. జవాబు మాత్రం రాలేదు. గిల్జా కూడా పట్టుబట్టలేదు. దేవతలకు వేరే పనులుంటాయి.

ఒకప్పుడు మనిషి ఇంటి బయట పోకూడదన్నారు. ఇప్పుడు పదిమంది మధ్య పోకూడదంటున్నారు. రెండు కట్టడులూ పెట్టినవాళ్ళు మంచికే పెట్టారు. పోయేవాళ్ళను మాత్రం ఎప్పుడూ ఎవరూ అడగలేదు.

భోజనాలయ్యాయి. జిందో అవ్వ రిమోట్‌ను కడుపుమీద పెట్టుకుని సిద్ధంగా ఉంది. గిల్జా హ్వాసాన్ అవ్వ తలకింద ఇంకో దిండు పెట్టి, ముఖం తెరవైపు తిప్పి, మంచం అంచున కూర్చుంది. దుప్పటి కింద ఆవిడ మణికట్టు పట్టుకుంది. నాడి దారప్పోగులా ఉంది.

పాట మొదలైంది. ఇత్తడి అద్దం ముందు సో దాది కూర్చుని బుగ్గలకు రంగు పూసుకుంటోంది. దగ్గు వస్తే చేతిగుడ్డలో నొక్కుకుంటోంది.

"అబ్బే, జ్వరానికి ఆ రంగు నిలుస్తుందా? కారిపోదూ?" అంది జిందో అవ్వ.

రాజుగారు వచ్చాడు. పచ్చటి ముఖం, మెత్తటి గడ్డం. ఈ కుర్రాడే ప్రకటనలో నూడుల్స్ జుర్రుతాడని, కిరీటం పెట్టినంత మాత్రాన భయమెక్కడినుంచి వస్తుందని జిందో అవ్వ తగులుకుంది. డోక్సిమ్ అవ్వ పక్కన దాచుకున్న బియ్యపు రొట్టె తీసి తెరవైపు చాచింది. బాబు చిక్కిపోయాడు, తినమను అని గిల్జాను బతిమాలింది. పెడతానులే అంది గిల్జా. ఆమె తెరవైపు చూస్తోంది గానీ వేళ్ళతో వింటోంది. హ్వాసాన్ అవ్వ కళ్ళు సగం తెరుచుకున్నాయి. తెర వెలుతురు వాటిలో కదులుతోంది. చూస్తోందో, వెలుతురే పడుతోందో తెలియడం లేదు.

రాజమాత మనుషులు దాది గది ముందు మూగారు. లోపల మందు కాస్తున్న వాసన పట్టేశారు. ఎవరికి ఈ కషాయం అని గద్దించారు. దాది పక్కనున్న చిన్నదాసి తనకేనని, నెలసరి నొప్పి అని అబద్ధమాడింది.

"మంచి పిల్ల" అంది జిందో అవ్వ.

సరిగ్గా అప్పుడే వరండాలో బండి చక్రాల చప్పుడు వినిపించింది. పెద్ద నర్సు బాంగ్. మామూలుగా ఈ వేళకు రాదు. గిల్జా లేచింది, కూర్చుంది, మళ్ళీ లేచింది. హ్వాసాన్ అవ్వ ముఖం కొవ్వొత్తిలా పాలిపోయి ఉంది. గుమ్మంలోంచి చూసినా తెలిసిపోతుంది.

జిందో అవ్వ ఇటు తిరగనైనా లేదు. పక్కబల్ల సొరుగులో చెయ్యిపెట్టి పెదవుల రంగు గొట్టం తీసి గిల్జా ఒళ్ళోకి విసిరింది.

"పుయ్యి."

"ఇదేం పని అవ్వా!"

"చేపలమ్మినదాన్ని చెబుతున్నా. మొప్ప ఎర్రగా ఉంటే కళ్ళు ఎవడూ చూడడు."

గిల్జా వేలికి రంగు రాసుకుని ఎముకలు పొడుచుకొచ్చిన ఆ బుగ్గలమీద రుద్దింది.  ఒక బుగ్గ ఎక్కువైంది, ఒకటి తక్కువైంది. హ్వాసాన్ అవ్వ పెదవులు కదిలాయి. గిల్జా చెవి ఒగ్గింది.

"మరీ పూయకు. పెళ్ళికూతురనుకుంటారు."

ఆవిడ మాటల్లో అదే చివరిది.

బాంగ్ నర్సు లోపలికి వచ్చింది. నలభై ఏళ్ళ మనిషి, ఎప్పుడూ పరుగుమీద ఉంటుంది. మందులు ఇస్తూ ఒక్కో మంచం దాటుకుంటూ కిటికీ దాకా వచ్చి ఆగింది. ఎవరూ ఆవిణ్ణి చూడలేదు. ఐదుగురు అవ్వలూ తెరకు కళ్ళు అతికించుకున్నారు. ఎప్పుడూ నిద్రపోయే మూలమంచం ఆవిడ కూడా మేలుకుని ఉంది. నర్సు ఆ బుగ్గలను చూసింది. జేబులోంచి వేలికి తగిలించే చిన్న యంత్రం తీసింది. దుప్పటి కిందికి చెయ్యి పోనిచ్చి పాదం పట్టుకుంది. చెయ్యి అక్కడే కొంతసేపు ఉండిపోయింది. 

తెరమీద చిన్నదాసిని స్తంభానికి కట్టేశారు. బాంగ్ నర్సు తల తిప్పి అటు చూసింది.

"ఆ దాదిని పంపేస్తారా?" అని అడిగింది.

"రూలంటే రూలేగా" అంది జిందో అవ్వ. "రాజుకే దిక్కులేదు."

నర్సు యంత్రాన్ని మళ్ళీ జేబులో వేసుకుంది. పక్క గదులు చూసుకుని వస్తానని, కథ అయ్యేసరికి వస్తానని గిల్జాతో అంది. గిల్జా ముఖంవైపు చూడకుండా చెప్పింది. బండి చక్రాల చప్పుడు దూరమైంది.

గిల్జా కూర్చుండిపోయింది. మళ్ళీ మణికట్టు పట్టుకుంది. ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం పెరుగుతోంది. ఒకటి వస్తుంది. తర్వాతిది రాదేమో అనిపించేదాకా ఆగుతుంది. మళ్ళీ ఒకటి. నాజూనుంచి ఇక్కడికి దారి ఆమె కళ్ళముందు నిలిచింది. ఎర్రటి పొలాలు, వలస బాతుల చెరువు, ఊరి మొగలో దారి తవ్విన చోటు. అక్కడ లారీలు ఆగిపోతాయి.

తెరమీద సాయంత్రమైంది. దాది సంగతి బయటపడింది. నలుగురు మోతగాళ్ళు చెక్కమీద ఆవిణ్ణి పడుకోబెట్టి తెల్లటి గుడ్డ కప్పి మోసుకుపోతున్నారు. రాజు తలుపు వెనక నిలబడ్డాడు. కాగితం అతికించిన తలుపుమీద అతని నీడ పడింది. చెయ్యి తలుపు దాకా వచ్చింది. బయట మంత్రులు బారులు తీరి ఉన్నారు. చెయ్యి మళ్ళీ కిందికి దిగింది.

"తలుపు తియ్యరా సన్నాసీ" అంది జిందో అవ్వ.  "నిన్ను ఎత్తుకు మోసిందిరా."

వెనక గుమ్మం చిన్నది. మోతగాళ్ళు వంగి దాటారు. దాది తల తిప్పి చూడలేదు. తిప్పితే రాజుకు చేటని తిప్పలేదు. గదిలో ముక్కులు చీదారు. మూలమంచం ఆవిడ చేతిగుడ్డ కోసం తడుముకుంది. ఇదంతా గిల్జాకు చెవుల్లోనే పడింది. ఆమె తర్వాతి ఊపిరి కోసం ఎదురుచూస్తోంది. దాది గుమ్మం దాటే ముందు ఒకటి వచ్చిందని గుర్తు. దాటాక వచ్చిందా? రాజు నీడ పడినప్పుడు వచ్చిందా? ఎంతగా తలచుకున్నా తేల్చుకోలేకపోయింది. మణికట్టు వెచ్చగానే ఉంది. దారప్పోగు మాత్రం వేళ్ళకు దొరకడం లేదు.

కథ ఆగిపోయి ప్రకటనలు మొదలయ్యాయి. రాజుగారు కిరీటం లేకుండా వచ్చి నూడుల్స్ జుర్రాడు. ఎవరూ నవ్వలేదు. జిందో అవ్వ గిల్జావైపు చూసింది. గిల్జా వేళ్ళు మణికట్టుమీద ఇంకా వెతుకుతున్నాయి. జిందో అవ్వ రిమోట్ తీసి చప్పుడు తగ్గించింది.

మెట్లమీద అడుగులు వినిపించాయి. పరుగు. టేసిక్ గుమ్మంలో నిలబడ్డాడు. అరవై దగ్గరపడిన మనిషి, రొప్పుతున్నాడు. చొక్కాకు క్యాబేజీ ఆకుల వాసన. జేబులోంచి చేతితొడుగుల వేళ్ళు బయటికి వేలాడుతున్నాయి.

"అమ్మ... ఉందా?"

 గిల్జా లేచి తాను కూర్చున్న చోటు అతనికి ఖాళీ చేసింది.

"ఉంది. రండి. చెయ్యి పట్టుకోండి."

అతను కూర్చుని రెండు చేతులతో ఆ చేతిని పట్టుకున్నాడు. ముఖానికి రంగేమిటని అడిగాడు. ఇవాళ పండగలా చేసుకున్నాం అంది గిల్జా. అమ్మకు ఊపిరి ఆగి ఆగి వస్తోందని, తొందరపడవద్దని, మాట్లాడితే వింటుందని చెప్పింది. తాను మంచం అవతలికి వెళ్ళి దుప్పటి కిందినుంచి అరచేతిని ఆవిడ రొమ్ముమీద పెట్టింది.

"ఆవిడ వెళ్ళిపోయిందిగా" అంది డోక్సిమ్ అవ్వ ఉన్నట్టుండి, స్పష్టంగా. "వెనక గుమ్మంలోంచి."

టేసిక్ తల ఎత్తాడు.

"టీవీలో ఆవిడలే" అంది జిందో అవ్వ. "రొట్టె తిను నువ్వు."

డోక్సిమ్ అవ్వ రొట్టె తినసాగింది. టేసిక్ తల్లివైపు తిరిగాడు.  నిన్న రావాల్సిందని, బయల్దేరాక టైరు పంక్చరైందని చెప్పాడు. ఆ టైరు మార్చడానికి ఎంతసేపు పట్టిందో చెప్పాడు. పంక్చర్ వేసినవాడు ఎంత మోసగాడో చెప్పాడు. అక్కడ ఆగి, "అమ్మా" అన్నాడు. చిన్నప్పుడు పిలిచినట్టే పిలిచాడు. దుప్పటి కింద గిల్జా చెయ్యి మూసుకుంటోంది, తెరుచుకుంటోంది, పైన దుప్పటి లేచి దిగుతోంది. ఆమె చేతిని ఆపలేదు.

టేసిక్ తల వంచి తల్లి చేతిమీద నుదురు ఆనించాడు. గిల్జా అప్పుడు చెయ్యి వదిలింది.

"ఇప్పుడు" అంది మెల్లగా. "ఇప్పుడు వెళ్ళారు."

అతని వీపు కదిలింది.  తల ఎత్తాక ముందు అడిగిన మాట, "నేనున్నాను కదా?"

"ఉన్నారు. చెయ్యి పట్టుకునే ఉన్నారు."

జిందో అవ్వ దుప్పటి ముఖంమీదికి లాక్కుంది.

బాంగ్ నర్సు వచ్చేసరికి ప్రకటనలు ఇంకా అవుతూనే ఉన్నాయి. టేసిక్ భుజంమీద చెయ్యి వేసి నాలుగు మాటలు చెప్పింది. వేళకు వచ్చారు, అది తల్లి పుణ్యమని అంది. తర్వాత గిల్జాను పక్కకు పిలిచింది. గిల్జా తల దించుకుంది. సంచి సర్దుకోమంటుందనుకుంది.

"డాక్టరుగారు వచ్చేలోపు ఆ బుగ్గలు తుడిచెయ్యండి" అంది నర్సు. "ఇంకోసారి చూసీ చూడనట్టు ఊరుకోను."

గిల్జా గోరువెచ్చటి నీళ్ళలో గుడ్డ ముంచి తుడిచింది. రంగు ముడతల్లో ఇరుక్కుని ఒక పట్టాన పోలేదు. బోధిసత్వుడి పేరు తలుచుకుంటూ తుడిచింది. ఈసారి అబద్ధమా, సేవా అని అడగలేదు. అడిగితే ఈసారి జవాబు వస్తుందేమోనన్న భయం ఆమె గుండెలో ఒక మూల కదిలింది. అప్పుడు అత్తగారి ప్రాణం ఎక్కడ ఆగిందో తనకు మాత్రమే తెలుసు. ఇప్పుడీమె ప్రాణం ఎక్కడ ఆగిందో తనకూ తెలియదు. ఈ తేడాను దేవత ఎలా తూస్తుందో.

సాయంత్రం చక్రాల తాళం తీశారు. మంచం మిగతా మంచాల మధ్యనుంచి, అందరూ చూస్తుండగా, పెద్ద తలుపులోంచే బయటికి వెళ్ళింది. అవ్వలు ఎవరికి తోచినట్టు వాళ్ళు దణ్ణం పెట్టారు. డోక్సిమ్ అవ్వ చెయ్యి ఊపింది. టేసిక్ తల్లి స్వెట్టరు, తండ్రి ఫొటో, ఫోన్ చార్జరు ఒక సంచిలో వేసుకుని, గిల్జాకు నడుము వంచి నమస్కరించి, అంత్యక్రియల బండి వెనకే వెళ్ళిపోయాడు. ఇంకేమైనా ఉంటే పారేయమన్నాడు.

రేపు ఆ మంచానికి కొత్తావిడ వస్తుంది. గిల్జా తడిగుడ్డతో అలమర తుడవడానికి వంగింది. కింది అరలో, బాగా లోపల, ఎరువుల సంచి ముక్కలో చుట్టి తాడుతో కట్టినది ఏదో చేతికి తగిలింది. విప్పింది. కలుపు తీసే తొలిక. నాలుగేళ్ళుగా మంచం దిగని మనిషి, నడవలేక ఆసుపత్రికి వచ్చిన మనిషి, దీన్ని ఎందుకు తెచ్చుకుందో, ఎప్పుడు పనికొస్తుందనుకుందో ఎవరికి తెలుసు. గిల్జా దాన్ని కుడిచేత్తో పట్టి చూసింది. ఇమడలేదు, వంపు అడ్డం తిరిగింది. ఎడమచేతిలోకి మార్చుకుంది. అప్పుడు సరిపోయింది. అవ్వది ఎడమచేతి వాటం.

పారేసేవాటి బుట్ట పక్కనే ఉంది. ఆమె దాన్ని తీసుకెళ్ళి కిటికీ గట్టుమీద పెట్టింది. అరిగి అరిగి సగమైన ఆ ఇనుప మొనకు హేనమ్ ఎర్రమన్ను ఎండి, ఇంకా అంటుకునే ఉంది.